అత్యవసర వైద్యం - ఆసుపత్రుల ఆదాయవ్యయాలు

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రమాదంలో గాయపడిన వారిని, ఆకస్మికంగా జబ్బుపడిన వారిని అంబులెన్సు ఆసుపత్రికి చేరుస్తుంది. అక్కడ వారికి అందే చికిత్స వెనుక వైద్యశాస్త్రంతో పాటు అర్థశాస్త్రం కూడా ఉంది. అత్యవసర చేరికలు ఆసుపత్రుల ఆర్థికస్థితిని ఏ విధంగా ప్రభావితం చేస్తాయో, ఆ భారాన్ని సమాజం ఏ విధంగా పంచుకోవాలో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశం

మనిషి ప్రాణానికి వెల కట్టలేమని అందరూ అంటారు. ఆ మాటలో అసత్యం లేదు. కాని ఆ ప్రాణాన్ని నిలబెట్టడానికి వాడే ప్రతి వస్తువుకూ వెల ఉంది. సెలైను సీసాకు వెల ఉంది. రోగికి ఎక్కించే రక్తాన్ని సేకరించి, పరీక్షించి, భద్రపరచడానికి ఖర్చు ఉంది. అర్ధరాత్రి మేల్కొని ఉండే వైద్యునికి, నర్సుకు, ప్రయోగశాల సిబ్బందికి జీతం ఉంది. రోగి వచ్చినా రాకపోయినా వెలుగుతూ ఉండవలసిన దీపానికి, నడుస్తూ ఉండవలసిన జనరేటరుకు బిల్లు ఉంది. వెల కట్టలేని ప్రాణానికీ వెల కట్టక తప్పని చికిత్సకూ మధ్య ఉన్న ఈ వైరుధ్యం తీవ్రంగా బయటపడే చోటు ఆసుపత్రిలోని అత్యవసర విభాగం. దీనినే మనం వాడుకలో క్యాజువాల్టీ అంటున్నాం.

ఆసుపత్రికి వచ్చే రోగులు రెండు రకాలు. ముందుగా రోజు నిర్ణయించుకొని, డబ్బు సమకూర్చుకొని, బంధువుల సహాయంతో వచ్చి చేరేవారు మొదటి రకం. కంటిశుక్లాల శస్త్రచికిత్సకు, మోకాలి చిప్ప మార్పిడికి వచ్చేవారు ఇటువంటివారు. ముందు చెప్పకుండా, చేతిలో పైసా లేకుండా, ఒక్కొక్కసారి తన పేరు కూడా చెప్పలేని స్థితిలో వచ్చేవారు రెండవ రకం. మొదటి రకం రోగి రాకను ఆసుపత్రి నిర్ణయిస్తుంది. రెండవ రకం రోగి రాకను విధి నిర్ణయిస్తుంది. ఆసుపత్రి ఆదాయవ్యయాలలోని చిక్కులు చాలావరకు ఈ భేదం నుండే పుడుతున్నాయి.

108 సేవలు - వచ్చిన మార్పు

ఒకప్పుడు మన గ్రామాలలో పాము కరిచినా, పురుగుల మందు తాగినా, కాన్పు కష్టమైనా ఎడ్లబండి, ట్రాక్టరు, ఆటో వంటివే గతి. పట్నం చేరేసరికి చాలామందికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. ఈ పరిస్థితిని మార్చడానికి 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అత్యవసర సేవలు ఆరంభమయ్యాయి. అత్యవసర యాజమాన్య పరిశోధన సంస్థ వీటిని నడిపింది. ఒక్క ఫోను పిలుపుతో, పైసా ఖర్చు లేకుండా, శిక్షణ పొందిన సహాయకునితో కూడిన వాహనం ఇంటి ముందుకు రావడం నాటి ప్రజలకు అపూర్వమైన అనుభవం. ఈ సేవలు అచిరకాలంలోనే నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా విస్తరించాయి. 2007లో గుజరాత్‌లోను, ఆ తరువాత మరెన్నో రాష్ట్రాలలోను ఇదే పద్ధతి అమలులోకి వచ్చింది.

అంబులెన్సు వచ్చాక దారిలో పోయే ప్రాణాలు తగ్గాయి. అయితే దానితో పాటు మరొక మార్పు కూడా సంభవించింది. పూర్వం ఆసుపత్రి గడప తొక్కలేకపోయిన రోగులు ఇప్పుడు గడపలోకి వస్తున్నారు. అందునా పరిస్థితి మిక్కిలి విషమించినవారు వస్తున్నారు. దారిలో ప్రాణం దక్కిన ప్రతి రోగికి ఆ తరువాత శస్త్రచికిత్స, కృత్రిమ శ్వాస, రోజుల తరబడి తీవ్ర చికిత్స అవసరమవుతాయి. రోగిని ఆసుపత్రి వాకిట దింపడంతో వాహనం బాధ్యత ముగుస్తుంది. ఆసుపత్రి బాధ్యత, దానితో పాటు ఆసుపత్రి ఖర్చు, అప్పుడే మొదలవుతాయి. వాహనాల సంఖ్య పెరిగినంత వేగంగా పడకలు, వైద్యులు, నిధులు పెరగనప్పుడు ఆ భారం ఎక్కడో ఒకచోట పడక తప్పదు.

సిద్ధంగా ఉండడానికి అయ్యే ఖర్చు

దాహమైనప్పుడు బావి తవ్వడం అవివేకమని మన పెద్దలు అంటారు. అత్యవసర వైద్యానికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. రోగి వచ్చిన తరువాత వైద్యుని నియమించుకోవడం, యంత్రం కొనడం సాధ్యం కాదు. అంతా ముందే సిద్ధంగా ఉండాలి. అగ్నిమాపక కేంద్రాన్ని చూడండి. నెలంతా ఎక్కడా నిప్పు అంటుకోకపోయినా అక్కడి సిబ్బందికి జీతాలు ఇవ్వవలసిందే. మంటలు ఆర్పిన రోజులకు మాత్రమే జీతం ఇస్తామంటే ఆ కేంద్రం నిలవదు. క్యాజువాల్టీ కూడా ఇటువంటిదే.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. వారానికి 168 గంటలు. ఒక ఉద్యోగి వారానికి 48 గంటలు పనిచేస్తాడనుకుంటే, ఒకే ఒక్క స్థానంలో రేయింబవళ్ళు మనిషి ఉండాలంటే ముగ్గురున్నర మంది కావాలి. సెలవులను, అనారోగ్యాలను కూడా పరిగణిస్తే నలుగురికి తక్కువ కాకుండా నియమించాలి. క్యాజువాల్టీలో ఒక వైద్యుడు, ఇద్దరు నర్సులు, ఒక ప్రయోగశాల సహాయకుడు, ఒక ఎక్స్‌రే సహాయకుడు, ఒక వార్డుబాయి ఎల్లవేళలా ఉండాలంటే ఆరు స్థానాలకు ఇరవైనాలుగు మంది కావాలి. వీరితో పాటు మత్తుమందు నిపుణుడు, శస్త్రచికిత్స నిపుణుడు, ఎముకల వైద్యుడు పిలిచిన వెంటనే రావడానికి సిద్ధంగా ఉండాలి.

అర్థశాస్త్రంలో ఇటువంటి ఖర్చును స్థిర వ్యయం అంటారు. రోగుల సంఖ్య పెరిగినా తగ్గినా ఇది మారదు. మందులు, దూది, సూదులు, రక్తం, ఆహారం వంటి వాటికి అయ్యే ఖర్చు రోగుల సంఖ్యను బట్టి మారుతుంది. కనుక దీనిని చర వ్యయం అంటారు. అత్యవసర విభాగంలో స్థిర వ్యయం వాటా చాలా ఎక్కువ. అందుచేత రోగుల సంఖ్య మరీ తక్కువైతే ఆ విభాగం నష్టంలో నడుస్తుంది. చిన్న పట్టణాలలోని ప్రైవేటు నర్సింగ్‌హోములు అనేకం రాత్రివేళ అత్యవసర రోగులను చేర్చుకోకపోవడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది.

ఒక ఊహాత్మక ఉదాహరణ

విషయం సుబోధకం కావడానికి ఒక ఊహాత్మకమైన ఆసుపత్రిని తీసుకుందాం. ఇందులోని అంకెలు కేవలం అవగాహన కోసం ఎంచుకున్నవి. ఆ ఆసుపత్రి అత్యవసర విభాగంలో రోజువారీ స్థిర వ్యయం రూ. 60,000. ఒక్కొక్క రోగికి అయ్యే చర వ్యయం రూ. 8,000. ఒక్కొక్క రోగి నుండి సగటున వచ్చే రాబడి రూ. 12,000.

రోజుకు 10 మంది రోగులు వస్తే రాబడి రూ. 1,20,000, వ్యయం రూ. 1,40,000. అనగా ఆ రోజు రూ. 20,000 నష్టం. 15 మంది వస్తే రాబడి రూ. 1,80,000, వ్యయమూ అంతే. లాభం లేదు, నష్టం లేదు. 20 మంది వస్తే రాబడి రూ. 2,40,000, వ్యయం రూ. 2,20,000. ఇప్పుడు రూ. 20,000 మిగులు కనిపిస్తుంది. ఇంతవరకు చూస్తే రోగులు ఎంత ఎక్కువమంది వస్తే ఆసుపత్రికి అంత మేలని తోస్తుంది.

అయితే ఆ ఇరవైమందిలో నలుగురు డబ్బు చెల్లించలేని నిరుపేదలని అనుకుందాం. అప్పుడు రాబడి రూ. 1,92,000కు పడిపోతుంది. వ్యయం మాత్రం రూ. 2,20,000గానే ఉంటుంది. రూ. 20,000 మిగులు కాస్తా రూ. 28,000 నష్టంగా మారుతుంది. మిగిలిన పదహారుమంది సక్రమంగా చెల్లించినప్పటికీ ఫలితం ఇదే. కనుక అత్యవసర చేరికలు లాభమా, నష్టమా అనే ప్రశ్నకు రోగుల సంఖ్య ఒక్కటే సమాధానం చెప్పజాలదు. వారిలో ఎందరి తరఫున, ఎవరు, ఎంత, ఎప్పుడు చెల్లిస్తారనేదే అసలు విషయం.

పడకల కోసం పోటీ

పై ఉదాహరణలోని ఆసుపత్రికి ఒక రోజు 25 మంది అత్యవసర రోగులు వచ్చారనుకుందాం. అందరూ డబ్బు చెల్లించినా, రూ. 3,00,000 రాబడి నుండి రూ. 2,60,000 వ్యయం పోగా మిగిలేది రూ. 40,000. కాని ఆసుపత్రిలో పడకలకు పరిమితి ఉంది. శస్త్రచికిత్స గది ఒక్కటే ఉంది. వచ్చిన వారికి చోటివ్వడానికి ఆ రోజు జరగవలసిన మూడు శస్త్రచికిత్సలను వాయిదా వేశారు. ఒక్కొక్క దానిపై ఆసుపత్రికి రూ. 15,000 మిగిలేదనుకుంటే, చేజారిన మొత్తం రూ. 45,000. అత్యవసర విభాగం పద్దులో లాభం కనిపిస్తున్నా, మొత్తం ఆసుపత్రికి రూ. 5,000 నష్టమే వచ్చింది. ఒక పనికోసం వదులుకున్న మరొక పని విలువను అర్థశాస్త్రం అవకాశ వ్యయం అంటుంది. పద్దుల పుస్తకంలో దీనికి ప్రత్యేకంగా ఒక వరుస ఉండదు. అయినా దీని బరువు తక్కువ కాదు.

వాయిదా పడిన ఆ మూడు శస్త్రచికిత్సల వెనుక ముగ్గురు మనుషులున్నారు. సెలవు పెట్టుకొని వచ్చిన కూలి మనిషి, తోడుగా వచ్చిన కుటుంబం, తెచ్చుకున్న అప్పు ఉన్నాయి. అత్యవసర రోగికి మొదటి స్థానం ఇవ్వడం న్యాయమే. ఆ న్యాయానికి మూల్యం చెల్లించేవారిలో వీరు కూడా ఉన్నారని మరువరాదు.

పడకలను ముందుగా లెక్కించి ఉంచడం కూడా సులభం కాదు. ప్రతిరోజూ సరిగ్గా పన్నెండుమంది వస్తే పన్నెండుమందికి ఏర్పాట్లు చేసుకోవచ్చు. కాని ఒక రోజు ఆరుగురు వస్తారు. మరొక రోజు ఘాట్‌రోడ్డులో బస్సు లోయలో పడి ఒకేసారి ముప్పైమంది వస్తారు. సగటు లెక్క అటువంటి రోజున అక్కరకు రాదు. కనుక కొన్ని పడకలను ఎప్పుడూ ఖాళీగా ఉంచవలసిందే. వ్యాపారదృష్టితో చూసేవారికి ఖాళీ పడక వృథా వ్యయంగా కనిపిస్తుంది. వైద్యదృష్టితో చూస్తే అది రాబోయే ఆపదకు చెల్లించిన బీమా వంటిది.

చికిత్స ఎన్ని రోజులు సాగుతుందో చెప్పలేకపోవడం మరొక చిక్కు. పురుగుల మందు తాగిన రోగికి కృత్రిమ శ్వాస యంత్రం ఎన్ని రోజులు కావాలో మొదటిరోజున ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు. తలకు దెబ్బతగిలిన రోగి కోలుకున్నా, ఇంటిదగ్గర చూసుకునే దిక్కులేక వార్డులోనే ఉండిపోవచ్చు. అతడు ఖాళీ చేయని పడక కోసం క్యాజువాల్టీలో మరొకరు స్ట్రెచరుపై నిరీక్షిస్తూ ఉంటారు.

డబ్బు చెల్లించేది ఎవరు?

అత్యవసర రోగి చికిత్సకు డబ్బు నాలుగు మార్గాలలో రావచ్చు. రోగి కుటుంబం చెల్లించవచ్చు. బీమా సంస్థ చెల్లించవచ్చు. ప్రభుత్వ పథకం చెల్లించవచ్చు. ఎవరూ చెల్లించకపోవచ్చు. ఈ చివరి మార్గంలో ఆసుపత్రే ఆ నష్టాన్ని భరించాలి, లేదా ఇతర రోగుల బిల్లులలో దానిని సర్దుకోవాలి. అనగా ఒకరి ఉచిత చికిత్సకు మరొక రోగి తెలియకుండానే చందా చెల్లిస్తున్నాడన్నమాట.

పేదలకు ఖరీదైన చికిత్సలను అందుబాటులోకి తేవడానికి 2007 ఏప్రిల్ 1న నాటి ఉమ్మడి రాష్ట్రంలోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. 2008 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. కేంద్రప్రభుత్వం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను ఆరంభించి, అర్హతగల కుటుంబానికి ఏడాదికి రూ. 5,00,000 వరకు చికిత్సకు హామీ ఇచ్చింది. ఈ పథకాలలో ఒక్కొక్క చికిత్సకు ఇంత అని ముందుగానే ప్యాకేజీ ధర నిర్ణయిస్తారు. చికిత్సకు ముందే అనుమతి పొందాలి. అత్యవసర సందర్భాలలో ఫోనుద్వారా అనుమతి తీసుకొని చికిత్స మొదలుపెట్టే వీలును ఆరోగ్యశ్రీ కల్పించింది.

ఈ పథకాలవల్ల, చెల్లించలేని రోగి చెల్లింపు గల రోగిగా మారాడు. ఇది ఆసుపత్రులకు గొప్ప ఊరట. అయితే ప్యాకేజీ పద్ధతిలో ఒక ఇబ్బంది లేకపోలేదు. ముందుగా నిర్ణయించుకొని వచ్చిన రోగికి సరిపోయే ధర, రక్తస్రావంతో అర్ధరాత్రి వచ్చిన రోగికి సరిపోకపోవచ్చు. రెండవ వానికి రక్తం ఎక్కువ కావాలి, తీవ్ర చికిత్స విభాగంలో రోజులు ఎక్కువ కావాలి. ధర ఒక్కటే, ఖర్చులు వేరు. చెల్లింపులలో జాప్యం మరొక ఇబ్బంది. రావలసిన సొమ్ము నెలల తరబడి నిలిచిపోయిందంటూ ప్రైవేటు ఆసుపత్రులు పథకం సేవలను ఆపివేసిన సందర్భాలు రెండు తెలుగు రాష్ట్రాలలోను ఉన్నాయి. మందుల దుకాణానికి, ప్రాణవాయువు సరఫరాదారుకు, సిబ్బందికి ఆసుపత్రి ప్రతినెలా చెల్లించవలసిందే. రూ. 12,000 బాకీ ఆరునెలలు ఆలస్యమై, ఆ లోటును ఏడాదికి నూటికి పన్నెండు రూపాయల వడ్డీతో అప్పుతెచ్చి పూడ్చుకుంటే, వడ్డీకే రూ. 720 పోతుంది. పెద్ద సంస్థలు దీనిని తట్టుకోగలవు. చిన్న పట్టణంలోని ఆసుపత్రి తట్టుకోవడం కష్టం.

ప్రభుత్వాసుపత్రి సంగతి మరొక రకం. అక్కడ రోగి డబ్బు చెల్లించడు. ఆసుపత్రికి ఏటా బడ్జెటు కేటాయింపు ఉంటుంది. రోగుల సంఖ్య రెట్టింపైనంత మాత్రాన ఆ ఏటి కేటాయింపు దానంతటదే రెట్టింపు కాదు. ప్రైవేటు ఆసుపత్రిలో నష్టం రూపాయలలో కనిపిస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో అదే నష్టం ఒకే పడకపై ఇద్దరు రోగులుగా, బయట కొనుక్కోమని రాసిచ్చిన మందులచీటీగా, అలసిన నర్సు ముఖంగా కనిపిస్తుంది.

ఈ పరిస్థితి నుండి మరికొన్ని దురాచారాలు కూడా పుట్టాయి. డబ్బున్న రోగులను తెచ్చిన ప్రైవేటు అంబులెన్సులకు కొన్నిచోట్ల కమీషన్లు ముట్టజెప్పడం, డబ్బులేని రోగిని ఏదో ఒక నెపంతో మరొక ఆసుపత్రికి పంపివేయడం అటువంటివి. రోగులను పంపినందుకు కమీషను ఇవ్వడాన్ని గాని, పుచ్చుకోవడాన్ని గాని వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002లోనే నిషేధించింది.

చట్టం చెప్పే ధర్మం

ఆసుపత్రి కష్టనష్టాలు ఎటువంటివైనా, ప్రాణాపాయంలో ఉన్న రోగిని తిప్పిపంపే అధికారం దానికి లేదని మన న్యాయస్థానాలు స్పష్టంగా చెప్పాయి. ఒక స్కూటరిస్టును కారు ఢీకొన్నది. మొదట తీసుకువెళ్ళిన ఆసుపత్రి అది పోలీసుకేసు అంటూ చేర్చుకోలేదు. దూరంలో ఉన్న మరొక ఆసుపత్రికి తీసుకువెళుతుండగా దారిలోనే అతడు మరణించాడు. ఈ ఉదంతంపై వచ్చిన పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రభుత్వ వైద్యుడైనా, ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం కాపాడాలని, లాంఛనాలు ఆ తరువాతనే అని ఆ తీర్పు సారాంశం.

రెండవ తీర్పు మన పాఠ్యాంశానికి మరింత సన్నిహితమైనది. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో, వ్యవసాయ కూలీల సంఘానికి చెందిన ఒక సభ్యుడు రైలు నుండి జారిపడ్డాడు. తలకు తీవ్రమైన గాయమైంది. పడకలు లేవనో, సౌకర్యాలు లేవనో చెప్పి ఒకదాని తరువాత ఒకటిగా పలు ప్రభుత్వాసుపత్రులు అతనిని చేర్చుకోలేదు. చివరకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు రూ. 17,000 ఖర్చుతో ప్రాణం దక్కించుకున్నాడు. 1996లో సుప్రీంకోర్టు, సకాలంలో చికిత్స అందించకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కును భంగపరచడమేనని ప్రకటించింది. అతనికి రూ. 25,000 పరిహారం ఇప్పించింది. నిధుల కొరతను సాకుగా చూపి ప్రభుత్వం ఈ బాధ్యతనుండి తప్పుకోజాలదని స్పష్టం చేసింది. పడక ఎక్కడ ఖాళీగా ఉన్నదో తెలియజేసే కేంద్రీకృత సమాచార వ్యవస్థ ఉండాలని కూడా సూచించింది.

ఈ తీర్పులు రోగికి హక్కును ఇచ్చాయి. కాని హక్కు పుట్టిన ప్రతిచోటా ఒక బాధ్యత పుడుతుంది. బాధ్యత వెంట ఖర్చు వస్తుంది. ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు రోడ్డు ప్రమాదాల విషయంలో చట్టం కొంత సమాధానం చెప్పింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం గాయపడిన తరువాతి మొదటి గంటను బంగారు గడియగా నిర్వచించి, ఆ సమయంలో నగదురహిత చికిత్సకు పథకం ఉండాలని పేర్కొన్నది. ఆ మేరకు 2025 మే నెలలో కేంద్రప్రభుత్వం ప్రకటించిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితునికి ఏడు రోజులలోపు, రూ. 1,50,000 వరకు నగదు చెల్లించనక్కరలేకుండా చికిత్స లభిస్తుంది. బిల్లు ఎవరు కడతారన్న శంకతో గడియలు జారవిడవకుండా చూడడమే దీని పరమార్థం.

ఇతర దేశాల అనుభవాలు

ఈ సమస్య మనదేశానికే పరిమితమైనది కాదు. సంపన్న దేశమైన అమెరికాలో కూడా డబ్బులేని రోగులను ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వాసుపత్రులకు తరిమివేసే ఆచారం ఉండేది. దానిని అరికట్టడానికి 1986లో ఒక చట్టం చేశారు. అత్యవసర విభాగానికి వచ్చిన ప్రతి వ్యక్తినీ, అతడు చెల్లించగలడా లేదా అని చూడకుండా పరీక్షించాలని, పరిస్థితి నిలకడ అయ్యేవరకు చికిత్స చేయాలని ఆ చట్టం ఆదేశించింది. కాని ఆ చికిత్సకు అయ్యే ఖర్చుకు వేరుగా నిధులు కేటాయించలేదు. ఆదేశం చట్టానిది, బిల్లు ఆసుపత్రిది అయింది.

ఇంగ్లండులో వైద్యసేవలు చాలావరకు జాతీయ ఆరోగ్యసేవ ద్వారా ప్రజాధనంతో నడుస్తాయి. అక్కడ అత్యవసర చేరికలు ఏటేటా పెరిగిపోతుండటంతో 2010-11లో ఒక వింత నియమం పెట్టారు. 2008-09 నాటి స్థాయిని మించి జరిగే అత్యవసర చేరికలకు మామూలు ధరలో నూటికి 30 వంతులు మాత్రమే ఆసుపత్రికి చెల్లిస్తారు. ఆసుపత్రులు అనవసరమైన చేరికలను తగ్గించుకుంటాయని, మిగిలిన సొమ్మును రోగనివారణకు వెచ్చించవచ్చని ఆశించారు. కాని అంబులెన్సులో ఎవరు వస్తారో నిర్ణయించే శక్తి ఆసుపత్రికి లేదు. వచ్చినవారికి చికిత్స చేయక తప్పదు, చేస్తే ఖర్చు గిట్టదు. ఆసుపత్రుల పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క వలె అయింది. విమర్శలు పెరిగిన మీదట 2015-16లో ఆ వాటాను నూటికి 70కి పెంచారు. 2019-20లో ఆ పద్ధతినే విడిచి, కొంత స్థిరమైన మొత్తం, కొంత రోగుల సంఖ్యను బట్టి మారే మొత్తం కలిపి చెల్లించే మిశ్రమ పద్ధతిని అవలంబించారు.

ఈ రెండు అనుభవాలనుండి మనం నేర్వదగిన పాఠాలున్నాయి. నిధులు చూపని ఆదేశం సగం ఆదేశమే. తన అధీనంలో లేని విషయానికి ఒక సంస్థను శిక్షించడం వలన ఆ విషయం మారదు, సంస్థ మాత్రం చిక్కిపోతుంది.

అనుసరించదగిన మార్గాలు

మొదటగా, సిద్ధంగా ఉండడానికి అయ్యే ఖర్చును చికిత్సకు అయ్యే ఖర్చునుండి వేరుచేసి చూడాలి. రోగి వచ్చినా రాకపోయినా రేయింబవళ్ళు తెరచి ఉంచే క్యాజువాల్టీకి ఏటా ఒక నిశ్చితమైన మొత్తాన్ని ఇచ్చి, చేర్చుకున్న ప్రతిరోగికి వేరుగా చెల్లించడం న్యాయం. అగ్నిమాపక కేంద్రానికి మనం పాటిస్తున్న నీతి ఇదే.

రెండవది, చెల్లింపులు సకాలంలో జరగాలి. ఆలస్యం అమృతం విషం అన్న సామెత రోగి విషయంలో ఎంత నిజమో ఆసుపత్రి బాకీల విషయంలో కూడా అంత నిజం. మూడవది, అత్యవసర రోగికి అయ్యే అదనపు ఖర్చును గుర్తించి ప్యాకేజీ ధరలను సవరించాలి. అదే సమయంలో లేని ఖర్చులు చూపి సొమ్ము కాజేసే ఆసుపత్రులపై తనిఖీ కూడా ఉండాలి. నాలుగవది, ఏ ఆసుపత్రిలో ఏ వైద్యుడు, ఏ పడక, ఏ యంత్రం అందుబాటులో ఉన్నదో అంబులెన్సులోని సహాయకునికి ముందే తెలియాలి. గుండెపోటు రోగిని గుండె వైద్యుడు లేని చోటికి చేర్చితే రెండు ఆసుపత్రుల ఖర్చు, ఒక ప్రాణపు ముప్పు మిగులుతాయి.

అన్నిటికంటే చౌకైన చికిత్స, అవసరం రాకుండా చూసుకున్న చికిత్స. శిరస్త్రాణం ధరించిన యువకునికి తలకు శస్త్రచికిత్స అవసరం పడే అవకాశం తక్కువ. రక్తపోటుకు క్రమం తప్పక మాత్రలు వేసుకునే వృద్ధునికి పక్షవాతం ముప్పు తగ్గుతుంది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో పాముకాటు మందు సిద్ధంగా ఉంటే, ఆ రోగి కృత్రిమ శ్వాస యంత్రం వరకు పోవలసిన అవసరం చాలాసార్లు తప్పుతుంది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంపై వెచ్చించిన రూపాయి పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో అనేక రూపాయలను ఆదా చేస్తుంది.

ముగింపు

జూనియర్ కళాశాల విద్యార్థులు ద్విచక్రవాహనాలపై తిరిగే వయసుకు చేరువలో ఉన్నవారు. రేపు రోడ్డుపై గాయపడిన మనిషిని చూసే సందర్భం వారికి రావచ్చు. అతనికి సహాయపడినవారిని తమ వివరాలు చెప్పవలసిందిగా నిర్బంధించరాదని, వారిపై కేసులు పెట్టరాదని 2019 నాటి సవరణ రక్షణ కల్పించింది. కనుక భయపడి తొలగిపోనక్కరలేదు. 108కి ఫోను చేయడం, గుంపును దూరంగా ఉంచి గాయపడినవానికి గాలి ఆడేటట్లు చూడడం, రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టడం ఎవరైనా చేయగల పనులు.

అంబులెన్సుకు దారి ఇవ్వడం పౌరధర్మం. ఆ అంబులెన్సు చేరుకునే ఆసుపత్రి తలుపు తెరచి ఉండేటట్లు చూడడం కూడా పౌరధర్మమే. ఆ తలుపు వైద్యుని దయాగుణం ఒక్కదానితోనే తెరచి ఉండదు. మనం చెల్లించే పన్నులతో, మనం ఎన్నుకొన్న ప్రభుత్వాలు చేసే కేటాయింపులతో, సకాలంలో అందే చెల్లింపులతో అది తెరచి ఉంటుంది. ఆసుపత్రి పద్దులు సరిగా ఉన్నచోటనే, చేతిలో పైసా లేని రోగిని డబ్బు సంగతి అడగకుండా లోపలికి తీసుకోగలుగుతారు.

ప్రశ్నలు

1. స్థిర వ్యయానికి, చర వ్యయానికి గల భేదాన్ని అత్యవసర విభాగం ఆధారంగా వివరించండి.
2. రోగుల సంఖ్య పెరిగినప్పటికీ ఆసుపత్రికి నష్టం రావడానికి గల కారణాలు ఏవి?
3. అత్యవసర చికిత్సకు సంబంధించి 1989, 1996 సంవత్సరాలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల సారాంశాన్ని రాయండి.
4. ఇంగ్లండు, అమెరికా దేశాల అనుభవాలనుండి మనం గ్రహించవలసిన పాఠాలు ఏవి?
5. "ఖాళీ పడక వృథా కాదు" - ఈ అభిప్రాయాన్ని సమర్థిస్తూ లేదా ఖండిస్తూ ఒక పేరా రాయండి.